ఒక్క రోజులో అరకు: నాన్నగారిని విడిదింట్లో వదిలి వెళ్లకండి

ప్రశ్న: డిసెంబరు మొదటి వారంలో మా బాబాయి కూతురి పెళ్లికి ఖమ్మం నుంచి విశాఖపట్నం వస్తున్నాం. పెళ్లి అయ్యాక ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. ఆ రోజు అరకు చూసి రావాలని అనుకుంటున్నాం. నేను, మావారు, ఆరేళ్ల పాప, మా అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురం. నాన్నగారికి 71 ఏళ్లు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, మెట్లు దిగడం కష్టం. పాపకు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. మావారు గైడు ఉండే ఒకరోజు బస్సు ప్యాకేజీ తీసుకుందామంటున్నారు. అందులో పది చోట్లు చూపిస్తారట. వీలైతే లంబసింగి కూడా చూడాలని ఆయన కోరిక. నాన్నగారేమో ‘నేను విడిదింట్లో పడుకుంటాను, మీరు వెళ్లి రండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నాన్నగారిని తీసుకువెళ్లండి. ముందు ఇది ఖాయం చేసుకుంటే రైలా, బస్సా, ఎన్ని చోట్లు అన్నవి వరుసగా తేలిపోతాయి. ఆ వయసు వాళ్లు ‘మీరు వెళ్లి రండి’ అన్నారంటే, తమ వల్ల పిల్లలు ఆగాల్సి వస్తుందన్న మొహమాటమే ఎక్కువగా ఉంటుంది. ‘నాన్నా, మీ నడకను బట్టే రోజంతా వేశాం’ అని చెప్పి చూడండి. ఆ మాట ఉత్తుత్తిగా కాకుండా నిజంగా అలాగే వేయాలి. ఎలా వేయాలో విశాఖలో ఉండేదాన్ని కాబట్టి వివరంగా రాస్తాను.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టం నుంచి దాదాపు 900 మీటర్ల పైకి ఎక్కాలి. రోడ్డు మీద మూడు, మూడున్నర గంటలు. రైలులో నాలుగు గంటలు. పొద్దున్న ఏడింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదికి తిరిగి వస్తే 13 గంటల రోజు. అందులో ఏడు గంటలకు పైగా ప్రయాణానికే పోతుంది. భోజనానికి ఒక గంట తీసేస్తే మిగిలేది అయిదు గంటల లోపు. దాన్ని పది చోట్లకు పంచితే చోటుకు అరగంట కూడా రాదు. ఆ అరగంటలోనే వాహనం ఆపుకోవడం, టికెట్లు కొనడం, పాపను మూత్రానికి తీసుకువెళ్లడం, నాన్నగారు దిగి ఎక్కడం. చూడడానికి ఏం మిగులుతుంది? మీవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. నేను చెప్పేదానికంటే అదే బాగా పనిచేస్తుంది.

లంబసింగి ఈసారికి వద్దు. అది చింతపల్లి వైపు ఉంది. విశాఖ నుంచి వెళ్లేవాళ్లు నర్సీపట్నం మీదుగా వెళ్తారు. అరకు నుంచైతే పాడేరు దాటి మరికొన్ని గంటలు కొండదారిలోనే తిరగాలి. పైగా ఆ ఊరి అందమంతా తెల్లవారుజామునే, పొగమంచు కరగకముందే. మధ్యాహ్నం వెళితే మామూలు ఏజెన్సీ పల్లెలాగే కనిపిస్తుంది. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండ కూడా అంతే. చీకటితో లేచి కొండ ఎక్కాలి. వాటికోసం వేరే ప్రయాణం పెట్టుకుని, రాత్రి అక్కడే ఉండండి.

ఇక గైడు ప్యాకేజీ సంగతి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు, మధ్యలో భోజనం, గైడు అన్నీ కలిపిన ఒకరోజు ప్యాకేజీలు విశాఖలో చాలాకాలంగా ఉన్నాయి. రాష్ట్ర పర్యాటక సంస్థ నడిపేది ఉంది, ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లవి ఉన్నాయి. కొత్త దంపతులకు, స్నేహితుల బృందాలకు, ఒంటరిగా వచ్చినవారికి నేను వాటినే చెబుతాను. ఖర్చు తక్కువ, దారి వెతుక్కునే బెంగ ఉండదు. కానీ మీ కుటుంబానికి పెద్ద బస్సు సరిపడదు. నలభై మంది ఉన్న బస్సులో గైడు ‘ఇరవై నిమిషాల్లో వచ్చేయాలి’ అంటే, ఆ ఇరవై నిమిషాలూ నాన్నగారికి దిగి ఎక్కడానికే సరిపోతాయి. ఆయన మొదటి రెండు చోట్లు దిగి, మూడో చోటు నుంచి ‘నేను బస్సులోనే కూర్చుంటాను’ అంటారు. ఆయన కోసం అమ్మగారూ ఆగిపోతారు. చివరికి ఇద్దరూ సంచులు కాపలా కాస్తూ బస్సు అద్దంలోంచి అరకు చూస్తారు. ఇలాంటి జంటలను ఆ కొండమీద ప్రతి బస్సులోనూ చూస్తుంటాను. ఎంతో బాధగా ఉంటుంది.

కాబట్టి వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు మీ అయిదుగురికీ సరిపోయే అద్దె కారు మాట్లాడుకోండి. గైడు రోజంతా అక్కర్లేదు. ఎక్కడ కావాలో అక్కడ తీసుకోండి. అది ఎక్కడో కాసేపట్లో చెబుతాను.

రైలు అనడానికి మొదటి కారణం పాప. ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పినట్టు రైలు కడుపును తిప్పదు. రెండోది నాన్నగారు. కాళ్లు చాపుకోవచ్చు, లేచి నాలుగడుగులు వేయవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది. మూడోది ఆ దారి. కిరండూల్ వెళ్లే పగటి రైలు విశాఖలో ఉదయం ఏడు కాకముందే బయలుదేరుతుంది. కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర వరకు వరిచేలు, తాటిచెట్లు, మామూలు మైదానం. శివలింగపురం దాటాక కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు వరకు ఒక సొరంగంలోంచి బయటపడి లోయ చూసేలోగా మరో సొరంగం వస్తుంది. ఈ మార్గం మొత్తంలో 58 సొరంగాలున్నాయి. పాపను లెక్కపెట్టమనండి, ఫోను అడగదు. సొరంగంలోకి వెళ్లిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలంతా కేకలు పెడతారు. రెండు మూడు సొరంగాల తర్వాత పెద్దవాళ్లూ కలుస్తారు.

నాన్నగారికి ఈ రైలు కథ చెప్పండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. ఇప్పటికీ దారిలో ఖనిజం నింపుకున్న పొడవాటి గూడ్సు బళ్లు ఎదురవుతాయి. మనుషుల కోసం వేయని దారిలో మనుషులు కొండ అందం చూస్తూ వెళ్తున్నారన్నమాట.

అద్దాల కప్పు ఉండే విస్టాడోమ్ పెట్టె 2017లో ఈ రైలుకు వచ్చింది. సీట్లు కిటికీ వైపు తిప్పుకోవచ్చు. చార్జీ మామూలు సీటుకంటే చాలా ఎక్కువ. నాన్నగారికి, అమ్మగారికి అయినా ఆ ఖర్చు పెట్టమంటాను. అయితే వాటికి గిరాకీ ఎక్కువ, తొందరగా అయిపోతాయి. దొరకకపోతే దిగులుపడకండి. మామూలు రిజర్వేషన్ పెట్టెలో కిటికీ తెరిస్తే వచ్చే చల్లగాలి, తడి ఆకుల వాసన అద్దాల పెట్టెలో ఉండవు.

ఇప్పుడు మీ ప్రయాణానికి ఆయువుపట్టులాంటి సలహా. రైలును అరకు వరకు తీసుకోకండి. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి. కారును పొద్దున్నే ఖాళీగా రోడ్డు మీద పంపి, అక్కడ మిమ్మల్ని కలుసుకోమనండి. దారిలోని అందమైన భాగం చాలావరకు అప్పటికే చూసేసి ఉంటారు. దీనివల్ల వదులుకునేది సిమిలిగూడ. 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్ ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరుపొందింది. బోర్డు దగ్గర ఫోటో దిగే సరదా పోతుంది, అంతే. అందుకు బదులుగా గుహలు పొద్దున్నే, ఒంట్లో ఓపిక ఉండగా చూస్తారు. చాలా ప్యాకేజీల్లో బొర్రా తిరుగు ప్రయాణంలో, సాయంత్రం వేళ వస్తుంది. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు, టికెట్ల కిటికీ మూసే వేళవుతుంది, గైడు తొందర పెడతాడు. రోజు మొత్తంలో నిదానంగా చూడవలసిన చోటు అదే.

బొర్రా గురించి నాన్నగారికి ముందే నిజం చెప్పండి. గుహ నోరు చాలా పెద్దది. అక్కడి నుంచి మెట్లు లోపలికి దిగుతాయి, అవి చాలానే ఉంటాయి. పైనుంచి సున్నపురాతి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి కాబట్టి కొన్ని చోట్ల మెట్లు తడిగా ఉంటాయి. ఆపరేషన్ అయిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ శ్రమ. మొత్తం లోపలికి దిగడానికి నేను ఒప్పుకోను. కానీ గుహ నోటి దగ్గర నిలబడినా, కమ్మీ పట్టుకుని కొద్ది మెట్లు దిగినా, ఆ మొదటి గది ఎత్తు, పైనుంచి వేలాడే రాతి ఊడలు, గబ్బిలాల వాసన, లోపలి నుంచి వచ్చే చల్లదనం అన్నీ తెలుస్తాయి. అక్కడ కూర్చోవడానికి వీలుగా ఒక చిన్న మడత కుర్చీ కారులో వేసుకోండి. ఊతకర్ర వాడే అలవాటు ఉంటే తప్పకుండా తీసుకురండి. అడుగున రబ్బరు అరిగిపోయి ఉంటే బయలుదేరే ముందే కొత్తది వేయించండి.

మీరు, మీవారు, అమ్మగారు వంతులు వేసుకోండి. ముందు అమ్మగారు, పాప, మీవారు లోపలికి వెళ్లాలి, మీరు నాన్నగారి దగ్గర ఉండాలి. అమ్మగారు ‘నాకెందుకులే’ అంటారు. వినకండి. ఆవిడకు మోకాళ్లు బాగానే ఉన్నాయి కదా, ఆవిడ గుహ చూసి తీరాలి.

గైడును తీసుకోవలసింది ఇక్కడే. బొర్రాలో స్థానిక గైడులు దొరుకుతారు. టార్చి వెలుగు ఎక్కడ పడితే ఏ రూపం కనిపిస్తుందో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. లోపలికి వెళ్లే ముందు నాన్నగారి దగ్గర నిలబడి స్థలపురాణం చెప్పమని అడగండి. కొండ మీద మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి గుహలో పడిపోయిందట. వెతుక్కుంటూ లోపలికి వచ్చిన కాపరికి శివలింగంలాంటి రాయి కనిపించిందట. ఆ ఆవు పేరు మీదుగానే గోస్తని నదికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గోస్తని ఇక్కడ పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా వెళ్లి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ నగరానికి తాగునీరుగా వస్తాయి. అంటే పెళ్లింట్లో మీరు తాగే నీళ్లలో కొంత ఈ కొండలది కావచ్చు. తెలుగు పండితుడికి ఇంతకు మించిన కబురేముంటుంది? ఆయనకు తెలిసిన పద్యం ఒకటి గైడుకే వినిపించినా ఆశ్చర్యపోను. గైడుకు ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి, ఇచ్చేటప్పుడు బేరమాడకండి.

గుహల బయట బొంగు చికెన్ అమ్ముతారు. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. కాలడానికి సమయం పడుతుంది కాబట్టి గుహలోకి వెళ్లేముందే చెప్పి వెళ్లండి. తిరిగి వచ్చేసరికి వేడివేడిగా ఉంటుంది. మీ ఎదురుగానే బొంగు పగలగొట్టి ఆకులో పోయమనండి. ముందే పోసి పెట్టింది కొనకండి. కారం ఎక్కువగా ఉంటుంది, పాపకు వద్దు. కోతులు మాత్రం చాలా ఉంటాయి. పాప చేతిలో బిస్కెట్ పొట్లం ఉండకూడదు.

అక్కడి నుంచి కారులో అనంతగిరి వైపు ఎక్కండి. కాఫీ తోటల దగ్గర ఆగండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. డిసెంబరు కాబట్టి కాఫీ పళ్లు ఎర్రగా పండి కోతకు వచ్చి ఉంటాయి. ఒక పండు నోట్లో వేసుకుని పిసికితే తియ్యని జిగురు, లోపల రెండు గింజలు. పాపకు ఇది చూపించండి, కానీ తోటవాళ్లను అడిగి మాత్రమే కోయండి. అది ఎవరో గిరిజన రైతు ఏడాది ఆదాయం. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందా, కలిపితే ఎంత అని అడగండి. అనుమానంగా ఉంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. 1956లో మొదలైన సంస్థ అది. తేనె, మిరియాలు, రాజ్మా కూడా అక్కడ నమ్మకంగా దొరుకుతాయి. డ్రైవరు పట్టుబట్టి ఒకే దుకాణం దగ్గర ఆపితే దిగనవసరం లేదు.

గాలికొండ వ్యూ పాయింట్ దారిలోనే. పది నిమిషాలు చాలు. నాన్నగారు కారు తలుపు తెరుచుకుని కూర్చునే లోయ చూడవచ్చు.

అరకులో భోజనం ఒకటిన్నరకు పెట్టుకోండి. తర్వాత గిరిజన మ్యూజియం ఒక్కటీ చూడండి. బగత, వాల్మీకి, కోందు, పోర్జ, గదబ తెగల ఇళ్లు, పనిముట్లు, నగలు నిలువెత్తు బొమ్మలతో చూపిస్తారు. మధ్యలో కూర్చోవచ్చు. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసింది. పాప మరీ అడిగితే అరగంట వెళ్లండి, లేకపోతే మానేయండి. చాపరాయి జలపాతం కోసం మరికొన్ని కిలోమీటర్లు వెళ్లాలి. నున్నటి రాళ్ల మీద నీరు పారుతుంది కాబట్టి జారుడు ఎక్కువ. నాన్నగారికీ, పాపకూ పనికిరాదు. తీసేయండి.

థింసా నాట్యం గురించి ఒక మాట, కాస్త గట్టిగానే చెబుతాను. ఆడవాళ్లు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పుల లయకు వలయంలా తిరుగుతూ చేసే నాట్యం అది. పండగలకు, పెళ్లిళ్లకు వాళ్లు చేసుకునేది. యాత్రికుల కోసం కూడా చేస్తున్నారు, అది వాళ్ల సంపాదన, తప్పులేదు. తప్పల్లా మనవాళ్ల నడవడిలో ఉంది. మధ్యలోకి దూరి సెల్ఫీలు దిగడం, అడగకుండా ముఖాల మీదికి ఫోను పెట్టడం, పిల్లలకు చాక్లెట్లు విసరడం. పాపతో వెళ్తున్నారు కాబట్టి ఆమెకు అక్కడే నేర్పండి. ముందు అడగాలి, వద్దంటే ఆగాలి, చూసినందుకు డబ్బు రెండు చేతులతో ఇవ్వాలి. వాళ్లు రమ్మని పిలిస్తే అమ్మగారిని కూడా వలయంలోకి పంపండి.

నాలుగు గంటలకు అరకు వదిలేయండి. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది. ఘాట్ మలుపులు వెలుతురు ఉండగానే దాటితే పాపకూ, డ్రైవరుకూ మంచిది. దిగేటప్పుడు పాపకు వాంతులయ్యే అవకాశం ఉంది. అందుకని మధ్యాహ్నం నూనె వంటలు పెట్టకండి, పెరుగన్నం చాలు. కిటికీ కొద్దిగా దింపి, దూరంగా చూడమనండి. ఫోనులో బొమ్మలు వద్దేవద్దు. వాంతుల మందు ఇవ్వాలనుకుంటే మీ పిల్లల డాక్టరును ఖమ్మంలోనే అడిగి, మోతాదు రాయించుకుని రండి. అది ప్రయాణానికి ముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు.

చలి గురించి భయం అక్కర్లేదు, పగలు హాయిగా ఉంటుంది. కానీ సాయంత్రం దిగేటప్పుడు గాలి చురుక్కుమంటుంది. నాన్నగారికి చెవులు కప్పే టోపీ, మోకాలికి ఉన్ని పట్టీ, అందరికీ ఒక్కో స్వెట్టరు చేతికి అందేలా పెట్టుకోండి. డిక్కీలో పడేస్తే ఎవరూ తీసి వేసుకోరు. నాన్నగారి మందులు, నీళ్ల సీసా, కొంత చిల్లర డబ్బు అమ్మగారి చేతిసంచిలో ఉండాలి. ఘాట్‌లో ఫోను సిగ్నల్ పోతుంటుంది. కాబట్టి డ్రైవరును ఎక్కడ కలుసుకోవాలో స్టేషన్ పేరు, చోటు ముందు రోజే తేల్చుకోండి.

ఇంకో ముఖ్య విషయం. ఖాళీ రోజు శని, ఆదివారాల్లో పడకుండా చూసుకోండి. డిసెంబరు వారాంతాల్లో ఆ కొండదారి బళ్లతో నిండిపోతుంది. నేను చెప్పిన గంటలేవీ నిలబడవు. పెళ్లి ఆదివారమైతే సోమవారం విశ్రాంతి తీసుకుని మంగళవారం వెళ్లండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన రోజే విశాఖపట్నం నుంచి బొర్రా గుహలు వరకు అయిదు టికెట్లు తీసుకోండి. రైలు వేళలు, గుహల వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం మళ్లీ చూసుకోండి. కొండచరియలు పడి ఎప్పుడైనా రైలు ఆపేస్తే అదే కారులో ఆరింటికల్లా బయలుదేరి, శృంగవరపుకోటలో ఇడ్లీ తిని, నేరుగా బొర్రాకే వెళ్లండి. కారు మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: డ్రైవరు ఘాట్‌లో రోజూ నడిపేవాడేనా, పొద్దున్న ఖాళీగా బొర్రాకు రావడం, డ్రైవరు భోజనం, పార్కింగు అద్దెలో కలిసే ఉన్నాయా, రాత్రి ఎనిమిది దాటితే అదనంగా ఎంత. ఇవన్నీ ఫోనులో సందేశంగా రాయించుకోండి. ముందు సీటు పాపకు కుదరదు కాబట్టి అది నాన్నగారికి ఇచ్చి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాలు చాచడానికి చోటు చూడండి. ఎత్తుగా ఉండే పెద్ద కారు అయితే ఎక్కి దిగడానికి చిన్న పీట కావాలని ముందే చెప్పండి.